చేతుల మీద నీళ్ళు

ఆ ఏడు చిక్కుడు కోతలకి ముందు మా ఇంట్లో రెండు గొర్రెల్ని కోశాం. ఒక్క పిల్ల కోసం, ఒక్క దేవుడికి వందనం చెప్పుకోడానికి, రెండు గొర్రెలు. ఎందుకయ్యా అంటే, తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. అయినా చెబుతాను.

మా సెజిమ్‌కి మూర్ఛ. నా కొడుకు మక్సత్ కూతురు అది. నాలుగో ఏట మొదలైంది. వారం తిరిగేసరికి ఒకసారి పడేది. పొయ్యి దగ్గర పడింది, కాలవ గట్టున పడింది, పక్కింటి పెళ్ళిలో వధువు కాళ్ళ దగ్గర పడింది. దాని కనుబొమ్మ మీద మచ్చ, గడ్డం కింద మచ్చ, అన్నీ ఆ పడటాల తాలూకువే. ఊరి ముసలమ్మలు తాయెత్తులు కట్టారు, దిష్టి పోవాలని సీసం కరిగించి నీళ్ళలో పోశారు. చివరికి చలికాలంలో నగరంలో ఒక డాక్టరమ్మ మాత్రలు మార్చింది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, పూట తప్పకూడదు, నిద్ర చెడకూడదు అని నాకు గట్టిగా చెప్పింది. ప్రభువుని నమ్ముకున్న మా సంఘం వాళ్ళు శుక్రవారం శుక్రవారం ఉపవాసముండి ప్రార్థన చేశారు. మంచు కరిగింది. పోప్లార్ చెట్ల దూది ఎగిరింది. చేలల్లో చిక్కుడు పూత పట్టింది. పిల్ల పడలేదు.

మా తలాస్ లోయలో ఊరంతా చిక్కుడే వేస్తారు. కలుపు తీసే రోజుల్లో ఒకరి చేలో ఒకరం సాయం చేసుకుంటాం. ఆ రోజు మా చేలో పని. ఎండ ముదిరాక సెజిమ్ మజ్జిగ బకెట్ మోసుకొచ్చింది. పిల్లలంతా ఒక్క కప్పుతోనే ముంచుకు తాగుతున్నారు. సెజిమ్ తాగి ఇచ్చిన కప్పుని పక్కింటి ఐదాయ్ నోటి దాకా తీసుకెళ్ళిందో లేదో, వాళ్ళమ్మ కల్బుబు వచ్చి లాక్కుంది. మజ్జిగ పారబోసి, కప్పుని కొంగుతో తుడిచి, తన సీసాలో నీళ్ళు కూతురికి పట్టింది.

"అదేంటే కల్బుబూ?" అన్నాను.

"ఏం లేదత్తా. ఈగ పడింది."

"ఈగ పడలేదు. నేను చూస్తూనే ఉన్నాను."

"అలా గుచ్చి గుచ్చి అడుగుతావేంటత్తా. నీకు తెలీనిదా? ఎంగిలిలో వస్తుందంటారు."

"ఎవరంటారు?"

"అందరూ."

"ఆ అందరూ అనేవాడు ఏ వీధిలో ఉంటాడో చెప్పు. సాయంత్రం వెళ్ళి మాట్లాడొస్తాను."

చేలో ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. కల్బుబు నవ్వలేదు. సెజిమ్ మిగిలిన మజ్జిగ తనే తాగి, మూతి తుడుచుకుని, నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "నానమ్మా, నా ఎంగిలి చేదుగా ఉంటుందా?"

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఏడవాల్సిన చోటల్లా నాకు కోపమే వస్తుంది, మా ఆయన బతికున్నప్పుడు కూడా ఇదే మాట అని సతాయించేవాడు.

ఆ సాయంత్రమే టీచరమ్మ ఆనారా ఇంటికి వెళ్ళాను. మా ఊరి బళ్ళో ఒకటో తరగతి చెప్పేది ఆవిడే. గుమ్మంలోనే నిలబడి చెప్పాను. "ఈ ఏడు మా పిల్లని బళ్ళో వేస్తున్నాను."

"వెయ్యండి పెద్దమ్మా, మంచిదే. కానీ..."

"ఆ కానీ ఏంటో పూర్తిగా చెప్పు."

ఆనారా చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "పోయిన ఏడు ఏమైందో మీరూ చూశారు. బడి తెరిచిన రోజే పిల్ల గుమ్మంలో పడింది. తల్లులు తమ పిల్లల్ని చంకనేసుకుని వెళ్ళిపోయారు. ఈ ఏడు కూడా అట్లా అయితే నా తరగతి ఖాళీ. పెద్దలు సరేనంటే నాకు సరే. షేర్మత్ తాత మనవరాలు కూడా ఈసారే చేరుతోంది. ఆయన ఊఁ అంటే ఊరంతా ఊఁ అంటుంది."

"అంటే నా మనవరాలు అక్షరాలు దిద్దాలంటే షేర్మత్ గడ్డం ఊగాలా?"

"నా మీదెందుకు పెద్దమ్మా కోపం. నేను చిన్న ఉద్యోగిని."

"మా ఊళ్ళో అన్యాయం చెయ్యాల్సి వచ్చినప్పుడు అందరూ చిన్నవాళ్ళే," అని వచ్చేశాను.

అప్పటికి పిల్లకి ఏడు దాటాయి. ఈ ఏడు కూడా బడి గుమ్మం ఎక్కకపోతే ఇక ఎక్కదు, అది నాకు తెలుసు. మా వీధి చివర ఒకావిడ ఉండేది, చిన్నప్పుడు ఇదే జబ్బు. ఆవిడని ఇంట్లోంచి బయటికి రానివ్వకుండానే ముసలిదాన్ని చేశారు. పెళ్ళి లేదు, పేరంటం లేదు, కిటికీలోంచి వీధిని చూడటమే. సెజిమ్‌కి కూడా అలాంటి కిటికీయే రాసిపెట్టారు.

దారిలో నడుస్తూనే నిర్ణయించుకున్నాను. మాలో మేలు జరిగితే గొర్రెను కోసి ఊరికి పెట్టుకుంటాం, తాతల నాటి అలవాటు. ప్రభువుని నమ్ముకున్నాక మిగతావి చాలా వదిలేశాను గానీ, మేలు చేసినవాడికి పదిమందిలో వందనం చెప్పడం తప్పని ఎవరూ చెప్పలేదు నాకు. బడి తెరిచే ముందు ఆదివారం ఊరిని పిలిచి భోజనం పెడతానని ఇంటికొచ్చి చెప్పాను.

కోడలు పెరిజాత్ చేతిలో పిండి అలాగే ఉండిపోయింది. "వద్దత్తయ్యా. అంత జనం, అంత గోల. ఆ రోజే పడితే?"

"పడితే లేపుదాం."

"మీకేం, తేలిగ్గా అంటారు. అందరూ చూస్తారు. ఇంట్లోనే ప్రార్థన చేసుకుందాం. దేవుడు వినడా?"

"దేవుడు వింటాడు. ఊరు వినదు. నాకు ఊరు వినాలి."

పెరిజాత్ మళ్ళీ పిండి పిసకడం మొదలుపెట్టింది. నా కోడలు కోపాన్ని పిండి మీద చూపిస్తుంది. ఆ రాత్రి రొట్టెలు రాళ్ళలా వచ్చాయి.

మర్నాడు షేర్మత్‌ని పిలవడానికి వెళ్ళాను. ఆయన వాళ్ళ గేటు బయట బల్ల మీద కూర్చుని పొద్దంతా వచ్చేపోయేవాళ్ళని లెక్కపెట్టే మనిషి. మేం ప్రభువుని నమ్ముకున్నాక మా ఇంటి ఛాయల్లోకి రాలేదు. ఊళ్ళో మమ్మల్ని అమ్ముడుపోయినవాళ్ళు అంటారు. ఎవరు కొన్నారో, ఏమిచ్చారో నాకూ తెలిస్తే బాగుండు.

"వస్తాను జూరా," అన్నాడు షేర్మత్. "పిల్ల బాగుందంటే సంతోషమే. కానీ మీవాళ్ళు కోసిన మాంసం నేను ముట్టను. మనవాడెవడైనా దేవుడి పేరు చెప్పి కొయ్యాలి."

"మావాళ్ళూ దేవుడి పేరే చెబుతారన్నా."

"ఏ దేవుడు?"

"పిల్లని లేపినాయన."

"చూడు, నాతో వాదన పెట్టుకోకు, నాకసలే ఒంట్లో బాగుండటం లేదు. మీరు దారి తప్పిన ఏడే ఆ పిల్లకి జబ్బొచ్చిందని ఇంట్లో ఆడవాళ్ళు అనుకుంటున్నారు. నేనన్లేదు, వాళ్ళంటున్నారు."

"మరి మీ చిన్నకోడలు ఏ దారి తప్పిందని నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది? నేనన్లేదు, మా ఇంట్లో ఆడవాళ్ళంటున్నారు."

ఆయన గడ్డం నిమురుకుని అటు తిరిగాడు. నవ్వు దాచుకున్నాడో, తిట్టు దాచుకున్నాడో కనబడలేదు.

సరే, ఊరివాళ్ళ చేతే కోయిద్దాం, మాంసం మాంసమే కదా అనుకుని మా సంఘ పెద్ద దానియర్ దగ్గరికి వెళ్ళాను. ట్రాక్టర్లు బాగుచేస్తాడు, ఆదివారం వాళ్ళింట్లోనే ఆరాధన. నా మాట విని రెంచీ కింద పెట్టాడు.

"అది కుదరదక్కా. ముల్లా దువా చదివి కోసినదాన్ని ప్రభువుకి కృతజ్ఞతార్పణ అని ఎలా అంటాం? మనవాళ్ళలో బలహీనంగా ఉన్నవాళ్ళు తడబడతారు."

"బలహీనంగా ఉన్నది నా మనవరాలొక్కతే. మిగతావాళ్ళందరూ గట్టిగానే ఉన్నారు."

"ఇంకో మాటక్కా. దేవుడి మేలు గురించి సాక్ష్యం చెప్పేటప్పుడు ఆ మాత్రల సంగతి మరీ ఎక్కువ చెప్పకు. విన్నవాళ్ళు మాత్రల వల్లే అనుకుంటారు."

"మాత్రల వల్లే మరి."

"దేవుడి వల్ల."

"దేవుడి వల్లే మాత్రలు. ఆ డాక్టరమ్మకి బుర్ర ఎవరిచ్చారు? నీ దగ్గరికి ట్రాక్టర్ వస్తే ప్రార్థన చేసి పంపించేస్తావా, రెంచీ పడతావా?"

"ప్రార్థన చేసి రెంచీ పడతాను."

"నన్ను మాత్రం రెంచీ దాచిపెట్టి సాక్ష్యం చెప్పమంటున్నావు."

దానియర్ తల గోక్కున్నాడు. మంచివాడే. చలికాలంలో కనుమ దారి మంచుతో మూసుకుపోతుంటే మమ్మల్ని నగరానికి తీసుకెళ్ళింది ఆయన కారులోనే. అదే నా తిప్పలు, మనసారా తిట్టుకుందామంటే పూర్తిగా చెడ్డవాడు ఒక్కడూ దొరకడు. అయినా మాంసం విషయంలో మాత్రం మెట్టు దిగలేదు.

ఇంటికొచ్చి గిన్నెలు విసిరాను. మక్సత్ బూట్లు విప్పుతూ, "ఎందుకమ్మా గోల, రెండు కోద్దాం. వాళ్ళకొకటి, మనకొకటి," అన్నాడు. మగవాళ్ళకి ఇట్లాంటి తెలివితేటలు ఎక్కడినుంచి వస్తాయో. కానీ వేరే దారి లేదు. రెండు గొర్రెలు, రెండు పొయ్యిలు, రెండు డేగిసాలు, రెండు గరిటెలు. కలిసిపోకుండా ఒక గరిటెకి ఎర్ర గుడ్డ కట్టాను. ఎవరి నమ్మకం వాళ్ళది, కలిపేసి మోసం చేసే బుద్ధి నాకు లేదు. కానీ ఆ గుడ్డ కడుతుంటే కోపంతో ముడి మీద ముడి వేశాను.

ఆదివారం వచ్చింది. పెరట్లో ఉన్ని పరుపులు పరిచాం, మధ్యలో పొడవాటి బట్టలు వేసి రొట్టె ముక్కలు, నేరేడు రంగు జామ్, ఎండు ఆప్రికాట్లు పోశాం. ఊరివాళ్ళు ఆపిల్ చెట్ల వైపు కూర్చున్నారు, సంఘం వాళ్ళు కొట్టం వైపు. ఎవరూ చెప్పలేదు, వాళ్ళే చీలిపోయారు. పెద్దలు కూర్చునే పై చోట షేర్మత్. కాస్త కిందగా కల్బుబు, పక్కన టీచరమ్మ ఆనారా. ఇటు దానియర్ పెళ్ళాం వెనేరా, మిగతా ఆడవాళ్ళు. దానియర్, మక్సత్ పొయ్యిల దగ్గర మాంసం తరుగుతున్నారు. అంతా బాగానే ఉంది, అంతా నిశ్శబ్దంగా ఉంది, చావింట్లో కూర్చున్నట్టు.

అప్పుడు తెలిసింది మేం చేసిన తప్పు. నెల రోజులు మాంసం ఎవరు కొయ్యాలి, ఎవరు వండాలి, ఎవరు ఎక్కడ కూర్చోవాలి అని కొట్లాడుకున్నాం. తినేముందు అతిథుల చేతుల మీద నీళ్ళు ఎవరు పొయ్యాలో ఒక్కరం కూడా ఆలోచించలేదు. ఆలోచించేదేముంది, ఏ ఇంట్లోనైనా అది ఆ ఇంటి చిన్నపిల్ల పని. నీళ్ళు పోయించుకున్న పెద్దలు ఆ పిల్లని దీవిస్తారు. మా సెజిమ్ ఎప్పుడూ చెయ్యలేదు, కూజాతో పడుతుందేమోనని భయం. పెరిజాత్ దాన్ని లోపలి గదిలో కూర్చోబెట్టింది, ముందురోజు మధ్యాహ్నం కూడా బలవంతంగా నిద్రపుచ్చింది.

మేం తేరుకునేలోపు పిల్ల తనే వచ్చేసింది. ఒక చేతిలో ఇత్తడి కూజా, ఒక చేతిలో పళ్ళెం, భుజం మీద తుండు. ఊళ్ళో పిల్లలందరూ చేస్తుంటే చూసి చూసి నేర్చుకుంది. పెరిజాత్ అడుగు ముందుకేసింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

సెజిమ్ నేరుగా షేర్మత్ దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఆయన పక్కవాడితో వాన గురించి మాట్లాడుతున్నాడు. మాట్లాడుతూనే ఉన్నాడు. పిల్ల కాసేపు చూసి పక్కకి జరిగింది.

"కడుక్కునే వచ్చామమ్మా," అన్నాడు పక్కాయన.

"మాకూ అయింది తల్లీ," అంది ఆయన పెళ్ళాం.

కల్బుబు చేతులు చంకల్లో పెట్టుకుంది. ఆనారా బొట్టనవేలితో తన గోళ్ళు రుద్దుకుంటోంది. "ఇంటి దగ్గరే కడుక్కున్నాను," అంది, తల ఎత్తకుండా. ఊరంతా ఇంటి దగ్గర చేతులు కడుక్కుని భోజనానికి వచ్చిన రోజు అదొక్కటే మా చరిత్రలో.

సరే, ఇవతలి వైపు ఉన్నారు కదా మావాళ్ళు అనుకున్నాను. సెజిమ్ వెనేరా ముందుకి వచ్చి పళ్ళెం పట్టింది. ఆ పిల్ల కోసం శుక్రవారం శుక్రవారం కడుపు మాడ్చుకుని ప్రార్థన చేసిన మనిషి వెనేరా. "నాకిందాకే అయిందమ్మా, పొయ్యి దగ్గర," అంది. ఆవిడ పక్కావిడా అదే మాట అంది. మాంసం దగ్గర కుదరని ఏకాభిప్రాయం ఇక్కడ కుదిరింది.

పిల్ల నిండు కూజాతో పెరటి మధ్యలో నిలబడిపోయింది. ఎటు వెళ్ళాలో తెలియక నా వైపు చూసింది.

నా చేతిలో ఎర్ర గుడ్డ గరిటె ఉంది. దాన్ని కింద పెట్టాను. "మక్సత్, రెండు డేగిసాల మీదా మూతలు పెట్టు," అన్నాను.

"అమ్మా, అతిథులు."

"నేను పొమ్మన్నానా? కూర్చోనీ. మూత పెట్టు."

పెట్టాడు. నేను సాక్ష్యం కోసం వారం నుంచి మాటలు పేర్చుకుంటున్నాను. అన్నీ ఎగిరిపోయాయి. నోటికొచ్చింది చెప్పాను.

"నేను దేవుడికి వందనం చెప్పడానికి పిలిచాను మిమ్మల్ని. వారానికోసారి పడే పిల్ల మంచు కరిగిన దగ్గర్నుంచీ పడలేదు. నేను ప్రార్థన చేశాను, ప్రభువు విన్నాడు. డాక్టరమ్మ మాత్రలిచ్చింది, అవి పనిచేశాయి. ఈ రెంటికీ నాకు తేడా తెలీదు, తెలిసినవాళ్ళు మీరు మీరు తేల్చుకోండి. ఒక గొర్రె తినం అన్నారు. రెండు కోశాను. ఒక పొయ్యి పనికిరాదన్నారు. రెండు పెట్టాను. మీ నియమాలన్నిటికీ తలొంచాను. ఇప్పుడు నా నియమం ఒకటుంది. ఈ ఇంట్లో చేతులు కడుక్కోనివాళ్ళకి తిండి లేదు. నీళ్ళు పోసేది ఈ పిల్ల. అంతే."

మూతల కిందనుంచి ఆవిరి వస్తోంది. మాంసం వాసనకి కుక్క మూలిగింది.

"అత్తా, చల్లారిపోతుంది," అంది కల్బుబు.

"చల్లారనీ."

సెజిమ్ కూజాని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. పెరిజాత్ నా వెనకాల ఏడుస్తోంది, చప్పుడు లేకుండా.

"జూరా," అన్నాడు షేర్మత్ చివరికి, విసుగ్గా. "నాకు చక్కెర జబ్బు. వేళకి తినకపోతే కళ్ళు తిరుగుతాయి."

"అయితే చేతులు చాపన్నా."

ఆయన పిల్ల వైపు చూశాడు. "నువ్వు రోజూ మాత్రలు మింగుతావంట?"

"పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి," అంది సెజిమ్.

"చేదా?"

"సాయంత్రానిది చేదు. నానమ్మ జామ్ పెడుతుంది."

"నాకు జామ్ కూడా పెట్టరు," అన్నాడు షేర్మత్, మా ఇంటిమీద కాదు, వాళ్ళింటిమీద కోపంగా. చొక్కా చేతులు పైకి మడిచాడు. "దా. నీళ్ళు పొయ్యి."

సెజిమ్ పోసింది. కొన్ని నీళ్ళు ఆయన మోకాలి మీద పడ్డాయి. ఆయన చేతులు విదల్చలేదు, మాలో విదల్చకూడదు. నింపాదిగా తుండుతో తుడుచుకుని, అరచేతులు పైకెత్తి, "పెద్దదానివవు. బాగా చదువుకో. నీ దారికి ఏదీ అడ్డం రాకుండా ఉండాలి," అన్నాడు. ఆయన చేతులు ముఖానికి అద్దుకుంటే ఊరివాళ్ళంతా అద్దుకున్నారు. ఇటువైపు మావాళ్ళు ఆమేన్ అన్నారు. ఇక వరసగా చొక్కాల చేతులు పైకి లేచాయి. కల్బుబు వేళ్ళ చివర్లు మాత్రం తడుపుకుంది. వెనేరా ఏడుస్తూ కడుక్కుంది. చివర్న ఆనారా. ఆవిడ చేతుల మీద పోస్తుంటే కూజాలో నీళ్ళు అయిపోయాయి, మళ్ళీ నింపుకొచ్చి పోసింది. "తెల్ల రిబ్బన్లు ఉన్నాయా నీకు?" అని అడిగింది ఆనారా. "బడికి కట్టుకుని రా."

దానియర్ మా డేగిసా దగ్గర నిలబడి కృతజ్ఞతా ప్రార్థన చేశాడు. అందులో డాక్టరమ్మ పేరు వచ్చింది, మాత్రల పేరు కూడా సగం తప్పుగా వచ్చింది. కళ్ళు తెరిచి నా వైపు చూశాడు. నేను తల ఊపాను.

అప్పుడు నాకు సంతోషం వేసిందనుకుంటున్నారేమో. లేదు. అందరూ తింటుంటే, మాంసం మెత్తగా ఉడికిందని మెచ్చుకుంటుంటే, నా మనవరాలి చదువు ఒక ముసలాడి ఆకలి మీద ఆధారపడిందా అనుకున్నాను. పొయ్యి వెనక్కి వెళ్ళి బూడిద మీద బకెట్ నీళ్ళు కుమ్మరించాను. అవసరం లేకపోయినా.

పిల్ల బడికి వెళ్ళింది. తల కన్నా పెద్ద తెల్ల రిబ్బన్లు కట్టుకుని, చేతిలో పూలు పట్టుకుని. అక్షరాలు ఇంటి గోడ మీద బొగ్గుతో రాస్తే పెరిజాత్ తిట్టలేదు. చిక్కుడు మొక్కలు పీకి చేలో ఆరబెట్టాం. దుమ్ము, ఎండ, నడుము నొప్పి, అన్నీ మామూలే. సాయంత్రం మాత్ర, జామ్, నిద్ర. అలా దాదాపు నెల.

మేం కొట్టిన చిక్కుళ్ళు తూర్పారబడుతుంటే పెద్ద తరగతి పిల్ల పరుగెత్తుకొచ్చింది. "సెజిమ్ పడిపోయింది, టీచర్ రమ్మంది."

నేను ఎలా వెళ్ళానో తెలియదు. తరగతి గదిలో పిల్ల నేల మీద పక్కకి తిరిగి పడుకుని ఉంది. అప్పటికే ఆగిపోయింది. కళ్ళు తెరిచి ఉన్నాయి గానీ ఇంకా తెలివి రాలేదు. తల కింద ఎవరిదో పసుపు స్వెటర్ మడిచి పెట్టి ఉంది. ఆనారా మోకాళ్ళ మీద కూర్చుని దాని చెయ్యి పట్టుకుంది. "మీరు చెప్పినట్టే పక్కకి తిప్పాను పెద్దమ్మా. నోట్లో ఏం పెట్టలేదు," అంది. "పిల్లలు చూశారు."

మక్సత్ దాన్ని భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాడు. స్వెటర్ మీద సొంగ మరక. ఎవరిదో తెలియక ఉతికి తీగ మీద ఆరేశాను.

సాయంత్రానికల్లా ఊరికి తెలిసిపోయింది. రెండు గొర్రెలు దండగ అన్నారు కొట్టు దగ్గర. వెనేరా వచ్చి నా పక్కన కూర్చుని, "తొందరపడి సాక్ష్యం చెప్పామేమో అక్కా," అంది.

"నేను చెప్పింది పిల్ల ఇక పడదనా?" అన్నాను. "వారానికోసారి పడేది. ఇన్ని నెలల్లో ఒక్కసారి పడింది, లేచింది. దానికి వందనం చెప్పకపోతే నా నోరెందుకు? మళ్ళీ పడితే, మళ్ళీ లేస్తే, మళ్ళీ చెబుతాను. వినలేకపోతే చెవులు మూసుకోండి."

డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, "బాగా మెరుగవుతోంది, కంగారు పడకండి, సాయంత్రం మాత్ర కొంచెం పెంచుదాం," అంది. నిజం చెబుతున్నా, ఆ రోజు నాతో మనిషిలా మాట్లాడింది ఆవిడొక్కతే.

మర్నాడు పొద్దున్నే లేచి చూస్తే పిల్ల బడి బట్టలు కొయ్యకి లేవు. పెరిజాత్ పెట్టెలో పెట్టి తాళం వేసింది.

"తియ్యి," అన్నాను.

"కొన్నాళ్ళు వద్దత్తయ్యా. ఎవరో ఒకరు వచ్చి పంపొద్దు అంటారు. వాళ్ళు అనేముందు మనమే మానిపిస్తే కాస్త గౌరవం."

"ఎవరి గౌరవం? నీదా, నాదా?"

"దానిదే." మొదటిసారి నా ముఖంలోకి చూసి మాట్లాడింది. "నిన్న పిల్లలు చూశారు. రేపు దాన్ని ఏమని పిలుస్తారో మీకు తెలియదు. నాకు తెలుసు. నేను దాని తల్లిని."

నేను చీపురు అందుకుని గడప ముందు ఊడవడం మొదలుపెట్టాను. సెజిమ్ గడప మీద కూర్చుని ఉంది, ఒక చేతిలో రిబ్బను. మేం ఏం తేలుస్తామో అని చూస్తోంది.

గేటు చప్పుడైంది. వచ్చేశారు అనుకున్నాను, పంపొద్దని చెప్పేవాళ్ళు. చీపురు చేతిలోనే పట్టుకుని వెళ్ళాను. కల్బుబు నిలబడి ఉంది, వెనకాల ఐదాయ్, భుజాన సంచి.

"ఏం?" అన్నాను.

"స్వెటర్ మీ దగ్గరుందంట కదత్తా. పసుపుది. నిన్న బళ్ళో మా పిల్ల విప్పి సెజిమ్ తల కింద పెట్టిందంట." కల్బుబు నా వైపు చూడకుండా తీగ వైపు చూసింది. వెళ్ళి తనే తీసింది. పిండింది. "ఇదేంటి, ఉతికేశావా? తడిది ఇప్పుడెలా వేసుకుంటుంది? చలి పెడుతుంటే."

"మరక ఉందని," అన్నాను.

"మరకేముంది, సాయంత్రం నేను ఉతుక్కునేదాన్ని కదా." స్వెటర్ని దులిపి, మళ్ళీ తీగ మీదే వేసేసింది. "పోనీలే, ఉండనీ. సెజిమ్ ఏది? ఇది ఒక్కతే పోనని మొండికేసింది. త్వరగా పంపత్తా, గంట కొట్టేస్తారు."

లోపల పెట్టె తాళం తీసిన చప్పుడు వినబడింది. పెరిజాత్ పిల్లకి బట్టలు తొడిగింది, రిబ్బన్లు కట్టింది, ఒకటి పైకి, ఒకటి కిందకి. సెజిమ్ మాత్ర మింగి పరుగెత్తింది. ఐదాయ్ దాని చెయ్యి పట్టుకుంది. కల్బుబు వాళ్ళ వెనకాలే నడిచింది, పిల్లలు కాలవ దాటేదాకా.

నేను చీపురు గోడకి ఆనించి లోపలికి వెళ్ళాను. కొట్టం పక్కన ధాన్యం గదిలో మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఎంతసేపటికీ మాట రాలేదు. చివరికి వచ్చింది. "ప్రభువా, నీకు వందనాలు. ఒక పసిపిల్ల బడికి పోడానికి ఇంత సతాయిస్తావా? నీ మీద నాకు కోపం పోలేదు. అయినా వందనాలు."